చాలు అన్న మాట

సుభాషిణి యంత్రాలని నమ్మిన మనిషి. మనుషులు చెప్పే మాటకి ఆవిడ దగ్గర పెద్ద విలువుండేది కాదు. ఎవరైనా "ఒళ్లు వెచ్చగా ఉందండీ" అంటే, "ఎంత వెచ్చగా?" అని అడిగే రకం. అలాంటి మనిషి కూడా తన జన్మలో రెండు మాటల్ని కొలవకుండా నమ్మేసింది. రెండూ వాళ్ల వదిన తాయారు అన్నవే. ఆ రెండు మాటలూ కలిసి తాయారుని ఏం చేశాయన్నదే ఈ కథ.

తాయారు కాకినాడలో ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి సుభాషిణికి ఆరేళ్లు. తల్లి లేని పిల్ల. అన్న భీమశంకరం రేవు ఆఫీసులో ఉద్యోగి, మంచి భోజనప్రియుడు. విస్తట్లో నాలుగు రకాలు లేకపోతే మొహం మాడ్చుకునేవాడు. తాయారు ఆ అన్నాచెల్లెళ్లకి వండింది, వడ్డించింది, కొసరి కొసరి పెట్టింది. తనకి పిల్లలు కలగలేదు. ఆ బెంగంతా ఆడపడుచు తల దువ్వడంలోనే తీర్చుకుంది. తను మాత్రం అందరి తరవాతా, వంటింటి గట్టుకి ఆనుకుని నించుని, గిన్నెలో ఉన్నది గిన్నెలోనే కలుపుకుని తినేది. మిగిలితే పారెయ్యలేక తినేది, మిగలకపోతే మజ్జిగ తాగి ఊరుకునేది. ఆవిడ తిండికీ ఆకలికీ ఏనాడూ సంబంధం లేదు. ఆవిడ తిండంతా గిన్నెని బట్టే.

అలా మిగిలినవన్నీ తిని తిని, యాభై దాటేసరికి ఎనభై ఆరు కిలోలయింది. షుగరొచ్చింది. మోకాళ్లు పట్టేశాయి. వీధిలోవాళ్లు "తాయారమ్మ బాగా తింటుందిలెండి" అని నవ్వుకునేవారు. ఎవరింట్లో తినగా చూశారో గానీ అనడానికి మాత్రం ఒక్కరూ తగ్గేవారు కాదు. డాక్టరు తిండి తగ్గించమన్నాడు. "ఎంత తింటున్నారో లెక్క రాయండమ్మా" అన్నాడు.

"రాయడానికి నేను తినేటప్పుడు కూచుంటేగా!" అంది తాయారు.

సుభాషిణి ఆ మాటకి నవ్వలేదు. అప్పటికే ఆవిడ బుర్రలో వేరే ఆలోచన తిరుగుతోంది.

ఉప్పాడ వెళ్లే రోడ్డులో, సముద్రానికి ఎదురుగా ఉన్న పరిశోధన కేంద్రంలో సుభాషిణి శరీరశాస్త్రవేత్త. అయిదేళ్లుగా ఆవిడ చేస్తున్నది ఒకటే పని, మనిషి చేత తిండి లెక్క రాయించకుండా ఒంటి చేతే రాయించడం. దవడపంటికి సన్నటి తొడుగు వేస్తారు. అది నమిలే తీరుని బట్టి, లాలాజలాన్ని బట్టి ఏం తింటున్నారో, ఎన్ని కేలరీలో పట్టేస్తుంది. చెవి వెనక కందిగింజంత బిళ్ల అతికిస్తారు. అది ఆ లెక్కని చెవిలో చెబుతుంది. ఆ రోజుకి తినవలసింది పూర్తవగానే చెవి వెనక నరాన్ని చిన్నగా జలదరింపజేస్తుంది. స్విచ్చి కట్టేసినట్టు ఆకలి ఆగిపోతుంది. దానికి 'మితి' అని పేరు పెట్టారు.

"చెవికి ఇంకో బెజ్జం వేస్తావేంటే ఈ వయసులో?" అంది తాయారు, బిళ్ల అంటించేటప్పుడు.

"బెజ్జం లేదు వదినా. బొట్టుబిళ్ల అంటించుకోవడం లాంటిదే. ఇదిగో ఈ ఇడ్లీ తిను."

తాయారు అది తిని, ఉలిక్కిపడి చెవి పట్టుకుంది. "ఓసి నీ దుంపతెగ! నువ్వేనుటే మాట్లాడేది?"

బిళ్లలో గొంతు సుభాషిణిదే. ప్రయోగాల తొలినాళ్లలో వేరే గొంతు దొరక్క తన గొంతే పెట్టేసింది. తరవాత ఎవరూ మార్చలేదు. "ఇడ్లీ, కొబ్బరిపచ్చడి. డెబ్భై. ఇవాళ్టికి ఇంకా పదకొండు వందల ముప్ఫై ఉంది" అని చెప్పింది బిళ్ల.

"అయితే ఇంక నువ్వు ల్యాబులో ఉన్నా ఇంట్లో ఉన్నట్టేనే" అని తాయారు మురిసిపోయింది. షుగరు కన్నా, మోకాళ్ల కన్నా, ఆవిడకి ఆ యంత్రం మీద మోజు పుట్టింది ఆ గొంతు వల్లే.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. కడుపు నిండడం అన్నది ఒక్కో ఒంట్లో ఒక్కోలా ఉంటుంది. ఒకరి రక్తంలో కనిపించిన గుర్తు ఇంకొకరి రక్తంలో కనపడదు. అందుకని 'మితి' మొదటి నెలంతా ఊరికే వింటుంది. మనిషి "నాకు నిండింది" అని ఎప్పుడు చెబితే, అప్పుడు ఒళ్లెలా ఉందో చూసి గుర్తు పెట్టుకుంటుంది. ఆ తరవాత అదే స్థితిని తను తెప్పిస్తుంది, మనిషి మళ్లీ అలా చెప్పినప్పుడల్లా ఆ గుర్తుని సవరించుకుంటూ. పై దేశాల్లో ఇలాంటి ప్రయోగాలకి మీట పెట్టారు. కడుపు నిండగానే నొక్కాలి. ఇక్కడ అది కుదరలేదు. ప్రయోగానికి వచ్చిన ఆడవాళ్ల కుడిచెయ్యి అన్నంలో ఉండేది. భోంచేసేటప్పుడు ఎడంచేత్తో దేన్నీ ముట్టుకునేవారు కాదు. చెయ్యి కడుక్కొచ్చాక తీరిగ్గా నొక్కేవారు. అప్పటికి అంతా తారుమారయ్యేది.

అప్పుడు సుభాషిణికే తట్టింది. మీట దేనికి, నోరుంది కదా! కడుపు నిండితే మనవాళ్లు ఏమంటారు? "చాలు" అంటారు. ఆ మాట వినపడగానే పంటి తొడుగు పట్టేస్తుంది. ఇంతకన్నా తేలికైనది, ఇంతకన్నా మన సొంతమైనది ఇంకేముంది?

డైరెక్టరు చక్రధర్ ఆ మాట విని బల్ల మీద చరిచాడు. "అదీ! చూశారా? పుస్తకాల్లో దొరకదండీ ఇది. మన ఇంట్లో దొరుకుతుంది" అన్నాడు.

కేంద్రంలో పెద్ద హాలులో పంక్తి వేశారు. ప్రయోగానికి ఒప్పుకున్న ముప్ఫైమంది ఆడవాళ్లు అరిటాకుల ముందు కూర్చున్నారు. అందరూ లావుతోనూ షుగరుతోనూ బాధపడేవాళ్లే. వడ్డించేవాళ్లు బకెట్లతో తిరుగుతున్నారు. ఎవరు "చాలు" అన్నా సుభాషిణి ఫోన్లో ఒక పచ్చచుక్క వెలుగుతుంది. తాయారు మూడో వరసలో, చీర కొంగు సర్దుకుంటూ, పెళ్లికొచ్చినంత బుద్ధిగా కూర్చుంది. పప్పు బకెట్టు రెండోసారి రాగానే అరిచెయ్యి విస్తరి మీద అడ్డంపెట్టి "చాలు బాబూ, చాలు" అంది. పచ్చచుక్క వెలిగింది. సుభాషిణికి ఆ చుక్క ఎంత ముద్దొచ్చిందంటే, దూరం నుంచే వదినకి చెయ్యూపింది.

నిజం చెప్పాలంటే మొదట్లో 'మితి' మేలే చేసింది. కాదనడానికి లేదు. ఆరునెలలు తిరక్కుండా తాయారు పదహారు కిలోలు తగ్గింది. షుగరు బిళ్లలు రెండు మానేసింది. డాబా మీదికి వడియాలు తనే మోసుకెళ్లి ఎండబెట్టింది. ఒకరోజు ఆటో ఎక్కకుండా మసీదు సెంటరు దాకా నడిచి, గొట్టం కాజా పొట్లంతో తిరిగొచ్చింది.

"నీకా?" అన్నాడు భీమశంకరం నోరు తెరిచి.

"మీకు. నాకు మీ చెల్లెలు చెవిలో చెబుతోందిగా, ఒక్కోటీ రెండొందల ఎనభైయ్యని. అమ్మో, తినడం ఎందుకూ, దణ్ణం పెట్టుకోడానికి ఉంచుకుందాం." ముగ్గురూ నవ్వారు. ఎంత తింటున్నామో తెలిస్తే మనిషి ఎంత తేలికపడతాడో సుభాషిణి ఆ రోజున కళ్లారా చూసింది. తను కనిపెట్టినది పదిమందికి కాదు, పదిలక్షల మందికి పనికొస్తుందని గర్వపడింది.

యాభై ఎనిమిది కిలోలకి వచ్చాక ఆగాలి. డాక్టరు చెప్పింది అదే. 'మితి' ఆగిందనే అనుకున్నారు. కానీ తాయారు యాభై అయిదుకి వచ్చింది, తరవాత యాభై ఒకటికి. "ఒళ్లు తేలిగ్గా ఉందే, గాల్లో తేలుతున్నట్టుంది" అనేది. పెళ్లిళ్లలో చుట్టాలు చుట్టుముట్టి "ఏం చేశావో మాకూ చెప్పవే" అని ప్రాణం తీసేవారు. ఆ పొగడ్తల్లో ఆవిడ గొంతుకింద ఎముకలు ఎవరికీ కనపడలేదు. సుభాషిణికి కూడా కనపడలేదు. ఆవిడ రోజూ పచ్చచుక్కలే చూసుకునేది. పూటపూటా వెలుగుతూనే ఉన్నాయి. వదిన తృప్తిగా తింటోంది, ఇంకేం కావాలి?

నలభై నాలుగు కిలోల దగ్గర, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆ చుక్కే సుభాషిణి కళ్లు తెరిపించింది.

భీమశంకరం భోంచేస్తున్నాడు. సుభాషిణి పక్కనే కూర్చుని ఉంది. తాయారు వడ్డిస్తోంది. సుభాషిణి పట్టుబట్టి ఆవిడకి వేయించిన విస్తరి గోడవార ఖాళీగా, నీళ్లు చిలకరించి ఉంది.

"దప్పళం ఇంకాస్త ఉందా?" అన్నాడు భీమశంకరం.

తాయారు గిన్నెలోకి తొంగిచూసింది. గరిటెతో అడుగు గీకి ఉన్నదంతా మొగుడి అన్నంలో పోసేసింది. "ఉంది, ఉంది. వేసుకోండి. నాకు చాలు" అంది.

సుభాషిణి ఒళ్లో ఫోను చిన్నగా మోగింది. పచ్చచుక్క.

ఆవిడ చుక్కని చూసింది. గోడవార విస్తరిని చూసింది. అందులో మెతుకు లేదు. వదిన పొద్దుటినుంచీ అర గ్లాసు పాలు తప్ప ఏమీ తాగలేదని పక్కనే లెక్క చెబుతోంది. అయినా యంత్రం కడుపు నిండిందని రాసుకుంది.

"వదినా, ఇలా కూచో." సుభాషిణి ఫోను పక్కన పెట్టింది. "మొదటినెల్లో పంక్తిలో చాలు అన్నావు చూడూ, నీకు కడుపు నిండే అన్నావా?"

"ఇదేం ప్రశ్నే?" తాయారు నవ్వింది. "పప్పు బకెట్టులో అడుగు కనపడుతోంది. వెనకాల ఇంకా రెండు వరసలున్నాయి. నేను పెట్టించుకుంటే వాళ్లకేదీ?"

"మరి ఇంట్లోనో?"

"ఇంట్లో గిన్నె కనపడదుటే?"

"కాదు వదినా, కడుపు నిండాక ఎప్పుడన్నావు?"

తాయారు నిజంగానే ఆలోచించింది. ఆడపడుచు అంత పట్టుగా అడుగుతోంది కాబట్టి, సరైన జవాబు చెప్పాలని ఆలోచించింది. "నిండడం అంటే ఎలా ఉంటుందే?" అంది చివరికి.

సుభాషిణికి అప్పుడర్థమైంది. యంత్రానికి ఆవిడ ఆకలినే తృప్తి అని నేర్పారు. నేర్పింది తనే. ఆవిడ ఖాళీ కడుపుతో "చాలు" అన్న ప్రతిసారీ అది బుద్ధిగా గుర్తు పెట్టుకుంది. ఆ తరవాత అంతకన్నా ముందే ఆకలి ఆపింది. ఆకలి లేదు కాబట్టి ఆవిడ ఇంకా ముందే "చాలు" అంది. అది ఇంకాస్త తగ్గించింది. ఇద్దరూ ఒకళ్లకొకళ్లు మర్యాదలు చేసుకుంటూ మెట్టుమెట్టుగా కిందికి దిగిపోయారు. పైగా ఇన్నాళ్లూ ఆవిడ చెవిలో ఇంక తినక్కర్లేదని చెప్పింది తన గొంతే.

భీమశంకరం ముద్ద విస్తట్లోనే వదిలేశాడు. చెల్లెలి మొహం చూసి ఏదో జరగరానిది జరిగిందని అతనికి అర్థమైంది.

బిళ్ల అప్పుడే పీకేసింది సుభాషిణి. మర్నాడు చక్రధర్ గదికి వెళ్లింది.

"అందరికీ ఆపెయ్యాలండీ. ముప్ఫైమందికీ."

"ఎందుకు? బరువు తగ్గలేదా?"

"తగ్గుతున్నారు. ఆగట్లేదు. మనం 'చాలు' అనే మాటని నమ్మాం. వాళ్లు కడుపు చూసి అనరు సార్. గిన్నె చూసి అంటారు, పక్కవాళ్లని చూసి అంటారు."

చక్రధర్ చెడ్డవాడు కాదు. సొంత తండ్రి కాలు షుగరు వల్ల తీసేస్తే, ఆ కసితో ఈ కేంద్రం పెట్టినవాడు. "సుభాషిణిగారూ, మీ వదినగారి సంగతి వేరు. మిగతావాళ్లకి నెలనెలా రక్తపరీక్షలు బాగానే వస్తున్నాయి. పోనీ, మీరే ఫోన్ చేసి అడగండి, ఎవరికైనా ఇబ్బందిగా ఉందేమో" అన్నాడు.

అడిగింది. మొదట జగన్నాథపురంలో ఉండే మేరీరత్నం అనే ఆవిడకి చేసింది.

"నాకేంటమ్మా, దేవుడి దయవల్ల హాయిగా ఉన్నాను" అంది మేరీరత్నం.

"సరిగ్గా తింటున్నారా?"

"ఆ, ఆ, తింటన్నాను. మీరు భోంచేశారా?"

తరవాతి ఆవిడా అదే అంది. ఆ తరవాతి ఆవిడ కూడా. ఒక్కరైనా ఆకలిగా ఉందనో, నీరసంగా ఉందనో అనలేదు. చివరికి ప్రతివాళ్లూ ఆవిడ భోంచేసిందో లేదో కనుక్కున్నారు. సుభాషిణి ఫోను పక్కన పెట్టి, తన బల్ల దగ్గర కూర్చుని, ఎవరి అనుమతీ అడక్కుండా మిగతా బిళ్లలన్నీ ఆపేసింది. చక్రధర్ ఆవిణ్ణి కేకలెయ్యలేదు. "ఇంక రావద్దండి" అన్నాడు, అంతే.

మిగతావాళ్లలో చాలామందికి వారం పదిరోజుల్లో ఆకలి తిరిగొచ్చింది. తాయారుకి రాలేదు. ఆవిడ నరానికి చెప్పిన పాఠం మరీ లోతుకి వెళ్లిపోయింది.

ఆస్పత్రిలో ఉండమంటే ససేమిరా అంది. "ఆయనకి వండేదెవరు?" అని మంచం దిగిపోయింది. డాక్టరు చేసేదిలేక సుభాషిణిని పక్కకి పిలిచాడు.

"ఎండిపోయిన ఒళ్లమ్మా ఇది. గుండె కండ కూడా కరిగిపోయింది. పెట్టండి, కానీ గబగబా పెట్టొద్దు. అలా పెడితే రక్తంలో లవణాలు ఒక్కసారి పడిపోయి గుండె ఆగిపోతుంది. ఎనిమిదొందల కేలరీలతో మొదలెట్టండి. వారానికోసారి రక్తం చూసి, నేను చెబితేనే వంద పెంచండి. లెక్క తప్పకూడదు. మీకు వేరే చెప్పాలా?"

అక్కర్లేదు. లెక్కలో ఆవిణ్ణి మించినవాళ్లు లేరు.

అలా ఆ ఇంట్లో లెక్క తిరగబడింది. ఇదివరకు ఎక్కడ ఆపాలో చెప్పిన అంకెలే ఇప్పుడు ఎక్కడిదాకా పెట్టాలో చెప్పాయి. వంట భీమశంకరం చేశాడు. జన్మలో స్టవ్ వెలిగించనివాడు కూరలు మాడ్చాడు, పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడు. "ఇలాంటివి తినిపించడానికేనుటండీ నన్ను బతికిస్తున్నారు?" అని తాయారు వేళాకోళం చేసేది. సుభాషిణి పక్కన కూర్చుని ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. పంటి తొడుగు మాత్రం తియ్యలేదు. ఫోన్లో కేలరీలు కనిపించేవి. పక్కనే, లాలాజలాన్ని బట్టి తొడుగు గీసే ఆకలి గీత కనిపించేది. ఉప్పాడ దగ్గర సముద్రం చివర కనపడే గీతలా అది ఎప్పుడూ అడ్డంగానే పడుకుని ఉండేది.

"ఇంకో నలభై వదినా. ఒక్క ముద్ద."

"గడ్డి తిన్నట్టుందే. దేనికీ రుచి లేదు." అంటూనే తాయారు కళ్లు మూసుకుని మింగేది. ఆకలి లేకుండా తినడం ఎంత నరకమో ఆవిడ మెడ నరాల్లో కనిపించేది. సుభాషిణి పెరట్లోకి వెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, మొహం కడుక్కుని తిరిగొచ్చేది. ఒకసారి కడుక్కోవడం మర్చిపోయింది. తాయారు ఆ మొహాన్ని చాలాసేపు చూసింది.

ఆ మర్నాడే జరిగింది.

మధ్యాహ్నం ముద్ద మింగి, నీళ్లు తాగి, తాయారు అంది. "ఇంకొంచెం పెట్టవే సుభా."

వంటింట్లోంచి గరిటె కిందపడ్డ చప్పుడైంది. భీమశంకరం గుమ్మంలోకి వచ్చి నించున్నాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడ నోట ఆ మాట అతను వినలేదు. "ఏమన్నావు?" అన్నాడు.

"వినపళ్లేదూ? ఇంకొంచెం పెట్టమన్నాను. ఆకలేస్తోంది."

పెద్దమనిషి గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. సుభాషిణి నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు. నెయ్యేసి కలిపింది. పెట్టింది. వదిన ఇంకొంచెం అంది, తను ఇంకొంచెం పెట్టింది. ఫోను కిటికీలో ఉంది. అందుకోవడానికి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. వదిన తనంతట తను అడిగి తింటోంది. ఇంక ఆ దిక్కుమాలిన అంకెలెందుకు? రేపు డాక్టరుకి ఫోన్ చేసి, ఆకలి తిరిగొచ్చిందని చెప్పాలనుకుంది.

మర్నాడు చెయ్యలేదు. ఎల్లుండి చెబుదాంలే అనుకుంది. ఆ రెండుమూడు రోజులూ ఆ ఇంట్లో పండగే. భీమశంకరం బజారంతా మోసుకొచ్చాడు. పెరుగన్నం, గారెలు, పులిహోర, చివరికి గొట్టం కాజా. తాయారు ప్రతిదానికీ నోరు తెరిచింది. తింటున్నంతసేపూ వాళ్లిద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూసింది. ఏళ్లతరబడి గిన్నెలోకి ఎలా చూసేదో, అలాగే.

నాలుగోరోజు మధ్యాహ్నం పాదాలు వాచాయంది. కాసేపటికి ఊపిరి ఆడట్లేదంది. ఆటోలో సుభాషిణి ఒళ్లో తలపెట్టుకుని, "మీ అన్నయ్య అన్నం తినలేదే ఇంకా" అంది. ఆస్పత్రి మెట్ల దగ్గరే గుండె ఆగిపోయింది.

డాక్టరు బయటికొచ్చి, గోడకి ఆనుకున్న సుభాషిణిని ఒకే ఒక ప్రశ్న అడిగాడు. "ఈ వారమంతా ఎంత పెట్టారమ్మా?"

ఊళ్లోవాళ్లందరి తిండీ లెక్కపెట్టిన మనిషికి ఆ ఒక్క లెక్కా తెలియలేదు.

ఇంటికొచ్చాక కిటికీలో ఫోను తీసి చూసింది. కేలరీలు రెండువేలు దాటి ఉన్నాయి, మూడురోజులూ. పక్కన ఆకలి గీత ఉంది. "ఇంకొంచెం పెట్టవే సుభా" అన్న ఆ క్షణంలోనూ, కాజా కొరికిన క్షణంలోనూ, అది ఒక్క వెంట్రుకవాసి కూడా లేవలేదు. ఆవిడకి ఆకలి వెయ్యలేదు. వాళ్ల మొహాలు చూసి, వాళ్లకి ఏం కావాలో అది అంది.

పన్నెండో రోజున, కర్మ చేయించే శాస్త్రిగారు, "ఆవిడకి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో వడ్డించండమ్మా" అన్నారు.

"పనసపొట్టు కూర" అన్నాడు భీమశంకరం వెంటనే. అంతలోనే తల దించుకున్నాడు. "కాదు. అది నాకిష్టం."

"గుత్తొంకాయ" అంది సుభాషిణి. అనగానే గుర్తొచ్చింది. అది తనకిష్టమని వదిన వండేది.

అన్నాచెల్లెళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు. సుభాషిణి ఫోను తీసింది. ఏడాదిన్నరగా వదిన నమిలిన ప్రతి మెతుకూ అందులో ఉంది. దేన్ని ఎక్కువసేపు నమిలిందో, దేని దగ్గర ఆకలి గీత కొంచెమైనా లేచిందో వెతికింది. ఒకే ఒకటి దొరికింది. అన్నం గిన్నె అడుగున అంటిన మాడు, ఆవకాయ నూనెతో కలిపింది. అది ఆవిడకి ఇష్టమో, రోజూ ఆవిడకి మిగిలింది అదేనో, యంత్రం చెప్పలేకపోయింది.

మాడు గీకి పెట్టారు. పనసపొట్టూ పెట్టారు, గుత్తొంకాయా పెట్టారు, గారెలూ పెట్టారు. సుభాషిణి వంగి వడ్డిస్తోంది. పప్పు వేసింది, నెయ్యి వేసింది, అన్నం మళ్లీ వేసింది. విస్తరి నిండి, అంచులు దాటి, పులుసు నేలమీదికి పారుతోంది. అయినా గరిటె ఆగలేదు.

"సుభా" అన్నాడు భీమశంకరం మెల్లిగా. "విస్తరి నిండిపోయిందే."

"చాలు అనలేదుగా అన్నయ్యా" అంది సుభాషిణి, ఇంకో గరిటె వేస్తూ.